ఇచ్చే చెయ్యి, లెక్క రాసే చెయ్యి

ఆడవాళ్ల చదువుకు దాతలు ముందుకు రావాలని సభల్లో పిలుపునివ్వడం మనకు నూటయాభై ఏళ్లుగా అలవాటు. వచ్చిన దాత డబ్బు ఎవరి చేతిలో పెట్టాడు, జమాఖర్చులు ఎవరు రాశారు, ఆ దాత పోయాక బడి నడిచిందా మూతబడిందా అన్న విచారణ మాత్రం తక్కువ. శంకుస్థాపన ఫొటో దొరికినంత సులువుగా పదేళ్ల తర్వాతి హాజరుపట్టీ దొరకదు. స్త్రీల విద్యకు, స్త్రీల సంఘాలకు ఇచ్చే విరాళాల కథను మన దగ్గరా బయటా కలిపి ఒకసారి తిరగేయాలని ఈ వ్యాసం. జగిత్యాల జిల్లా వెల్గటూర్ మండలం నుంచి చూస్తూ రాస్తున్నాను కాబట్టి జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల పేర్లు మధ్యలో వస్తాయి.

వెల్గటూర్ నుంచి చూడటానికి ఒక కారణం ఉంది. ఈ మండలంలోనే గోదావరి ఒడ్డున కోటిలింగాల ఉంది. శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడి నాణేలు దొరికిన చోటు. ఆ కాలపు తెలుగు నేలలో, ఆ తర్వాతి ఇక్ష్వాకుల ఏలుబడిలో, ఆడవాళ్లు దానం పుచ్చుకునేవాళ్లుగా కన్నా ఇచ్చేవాళ్లుగానే ఎక్కువ కనబడతారు. నాగార్జునకొండ మహాచైత్యాన్ని క్రీ.శ. 3వ శతాబ్దంలో నిలబెట్టింది ఇక్ష్వాకు రాజు శాంతమూలుడి సోదరి శాంతిసిరి. అమరావతి శిలాఫలకాల మీద భిక్షుణులు, గృహిణులు, వర్తకుల భార్యలు తమ పేర్లు తామే చెక్కించుకున్నారు. తన సొమ్ము, తన పేరు, తన కోరిక. ఆ తర్వాత ఎన్నో శతాబ్దాలకు స్త్రీల చదువు అనే మాట పుట్టేసరికి ఇచ్చే చెయ్యి మగవాడిదైపోయింది. ఈ మార్పును మన చరిత్రకారులు పెద్దగా పట్టించుకోలేదు.

కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టారు. 1881 డిసెంబరులో తొలి వితంతు వివాహం జరిపించారు. ఆ ఉద్యమం వెనక కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య డబ్బుంది. ఆయన అండ లేకపోతే ఆ పెళ్లిళ్లు అంత వరుసగా జరిగేవి కావు. వీరేశలింగం గొప్పతనం దాతను వెతుక్కోవడంతో ఆగలేదు. 1906లో హితకారిణి సమాజం పెట్టి తన ఆస్తినంతా దానికి రాసిచ్చారు. వ్యక్తి పోయినా సంస్థ మిగలాలన్న లెక్క ఆయనకు తెలుసు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదా నికేతనం పెట్టినప్పుడు అందులో లక్ష్మీబాయమ్మది పేరుకు చేసిన సాయం కాదు. రోజువారీ నిర్వాహకురాలు ఆమే.

నిజాం రాజ్యంలో దారి ఇంకా ఇరుకు. మాడపాటి హనుమంతరావు 1928లో నారాయణగూడలో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల మొదలుపెడితే ఉస్మానియా దాన్ని గుర్తించలేదు. తెలుగులో చదివే పిల్లలకు పరీక్ష రాయడానికే చోటు లేదు. చివరికి పుణేలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలతో ముడిపెట్టుకున్నారు. ఆ విశ్వవిద్యాలయం కథ కూడా దాత కథే. 1916లో అతి తక్కువ సొమ్ముతో మొదలైన దానికి 1920లో బొంబాయి మిల్లు యజమాని విఠల్‌దాస్ ఠాకర్సీ 15 లక్షలు ఇచ్చి తల్లి నాథీబాయి పేరు పెట్టించారు. ఆ తల్లి పేరు మీదున్న డబ్బు తిరిగి తిరిగి హైదరాబాదులో తెలుగు పిల్లల మెట్రిక్‌కు దారి చూపిందంటే, విరాళం ఎక్కడ ఇచ్చామో అక్కడే పనిచేస్తుందనుకోవడం పొరపాటు.

యూదుల లోకంలో దీనికి జోడీ కథ ఉంది. జెరూసలేములో 1854లో మొదలైన ఒక ఆడపిల్లల బడికి రోత్‌షీల్డ్ కుటుంబం 1866లో కాన్పులో చనిపోయిన తమ బిడ్డ ఎవెలీనా పేరు పెట్టి నిధులిచ్చింది. ఇక్కడ తల్లి పేరు, అక్కడ బిడ్డ పేరు. ఆ బడి నిలబడింది మాత్రం రోత్‌షీల్డుల వల్ల ఒక్కటే కాదు. 1900 నుంచి 1945 దాకా నడిపిన ప్రధానోపాధ్యాయురాలు ఆనీ లాండావ్ వల్ల. దాత పేరు బోర్డు మీద, నిర్వాహకురాలి పేరు పిల్లల నోట్లో. ఇది నేను చూసిన ప్రతి మంచి సంస్థలోనూ ఉంది.

యూదు స్త్రీల సంస్థలను ఇంత దూరం నుంచి తలుచుకోవడానికి కారణం, పద్దు ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నను వాళ్లు ముందుగా, కాస్త గట్టిగా అడగడమే. రెబెకా గ్రాట్జ్ 1819లో ఫిలడెల్ఫియాలో యూదు మహిళల సహాయ సంఘం పెట్టింది. పేద స్త్రీలకు సాయం చేసే సంఘం, నడిపేది స్త్రీలే. అదే గ్రాట్జ్ 1838లో ఆదివారపు బడి మొదలుపెట్టింది. మతపాఠాలు చెప్పేది ఆడవాళ్లు, వినేది ఆడపిల్లలూ మగపిల్లలూ. 1912లో న్యూయార్కులో హెన్రియెటా సోల్డ్ నాయకత్వంలో హదస్సా అనే యూదు స్త్రీల సంఘం పుట్టింది. మరుసటి ఏడాదే ఇద్దరు నర్సులను జెరూసలేము పంపారు. ప్రయాణానికీ ఖర్చులకూ ముఖ్య దాత నేథన్ స్ట్రాస్ అనే వ్యాపారి. డబ్బు మగవాడిది, కార్యక్రమం ఆడవాళ్లది. సంఘం పెరిగి పెద్ద నిధులు పోగయ్యాక జియోనిస్టు సంస్థ మగ నాయకులు ఆ నిధుల మీద అజమాయిషీ తమకు కావాలన్నారు. 1920లన్నీ ఆ తగాదాతోనే గడిచాయి. హదస్సా లొంగలేదు. దాత ఎవరైనా పద్దు మాదేనని నిలబడింది. తర్వాత ఆ సంస్థ కట్టిన ఆసుపత్రులు ఈ మొండితనం మీద లేచినవే.

దానికి ఎదురుగా ఇంకో కథ పోలండులోని క్రాకోలో. సారా షెనీరర్ బట్టలు కుట్టి బతికేది. 1917లో తన కుట్టుగదిలోనే పాతికమంది ఆడపిల్లలను కూర్చోబెట్టి చదువు మొదలుపెట్టింది. సంప్రదాయ యూదు కుటుంబాల్లో మగపిల్లలకు మతవిద్య ఉంది, ఆడపిల్లలకు లేదు. ఆమె పెట్టిన బైస్ యాకోవ్ బడి ఊళ్లు దాటి పాకింది. 1923లో అగుదత్ ఇజ్రాయెల్ అనే మతపార్టీ ఆ ఉద్యమాన్ని తన కిందికి తీసుకుంది. కెరెన్ హతోరా అనే నిధి ద్వారా విదేశీ యూదుల చందాలు వచ్చాయి, ఉపాధ్యాయినుల శిక్షణ కళాశాల వచ్చింది, 1935లో ఆమె చనిపోయేనాటికి బడులు రెండు వందలు దాటాయి. కానీ పాలన మగ నిర్వాహకుల చేతికి పోయింది. ఉద్యమం తల్లి గౌరవనీయురాలిగా మిగిలింది, సంతకం మరొకరిదైంది. పరిశోధకురాలు నయోమీ సైడ్‌మన్ 2019లో ఈ ఉద్యమం మీద రాసిన పుస్తకం చదివితే, సంప్రదాయం పేరు చెప్పి ఒక ఒంటరి స్త్రీ ఎంత పెద్ద తిరుగుబాటు చేసిందో, దాన్ని సంస్థ ఎలా మెత్తబరిచిందో తెలుస్తుంది. షెనీరర్ ఓడిపోయిందని నేను అనను. డబ్బు లేకపోతే రెండు వందల బడులు లేవు. డబ్బు వచ్చాక కుట్టుగది లేదు. ఈ రెండూ నిజాలే.

మన దేశంలోనూ యూదుల బడులున్నాయి. కలకత్తాలో 1881లో పెట్టిన యూదు బాలికల పాఠశాల ఇప్పటికీ నడుస్తోంది. బాగ్దాదు నుంచి వచ్చి స్థిరపడ్డ యూదు వర్తకుల పిల్లల కోసం పెట్టింది. ఆ కుటుంబాలు ఇజ్రాయెలుకు, ఇంగ్లండుకు వెళ్లిపోయాయి. నేడు ఆ బడిలో చదివేవాళ్లలో అత్యధికులు ముస్లిం ఆడపిల్లలు. తమ వాళ్ల కోసం ఇచ్చిన దానం పక్కవాళ్ల పిల్లలను చదివిస్తోంది. తమ కులం హాస్టలుకే, తమ మతం బడికే ఇస్తామనే మన దాతలు ఈ బడి గేటు దగ్గర ఒక పూట నిలబడి చూస్తే బాగుండు.

తెలుగువాళ్లలోనూ యూదులున్నారని చాలామందికి తెలియదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. మాదిగ కుటుంబాలు, అంతకుముందు క్రైస్తవులు. షమూయేల్, సాదోక్ యాకోబీ సోదరుల నాయకత్వంలో 1980ల చివర, 1990ల మొదట్లో యూదు ఆచారాలకు మారారు, చిన్న ప్రార్థనాలయం కట్టుకున్నారు. అమెరికాలో 1994లో ఏర్పడిన ‘కులను’ లాంటి సంస్థలు ప్రపంచంలో ఒంటరిగా ఉన్న యూదు సమాజాలకు సాయపడుతూ వీళ్లతోనూ సంబంధం పెట్టుకున్నాయి. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ 2013లో ఈ సమాజం మీద పుస్తకం రాశారు. అందులో నాకు ముఖ్యమనిపించిన చర్చ వేరే ఉంది. డబ్బు కోసమే వీళ్లు యూదులయ్యారన్న అనుమానాన్ని ఈ కుటుంబాలు మోయాల్సి వచ్చింది. పెద్ద కులాలవాళ్లు విదేశీ విరాళంతో కళాశాల కడితే అది సేవ. దళిత కుటుంబం విదేశీ సంస్థ నుంచి ప్రార్థన పుస్తకం అందుకుంటే అది ఆశ. విరాళాన్ని తూచే తరాజు కులాన్ని బట్టి మారుతుంది. ఇక ఆ ఊళ్లో స్త్రీల సంగతి. వాళ్లు చేసేది కూలి పని. బయటి సాయమంతా ప్రార్థన, హీబ్రూ అక్షరాలు, పండుగల చుట్టూ తిరిగితే ఆ స్త్రీల దినచర్యకు అది తగిలేది కొద్దిగానే. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. అన్నిటికన్నా పై మెట్టు, మనిషి మళ్లీ చెయ్యి చాచకుండా అప్పో, భాగస్వామ్యమో, పనో ఇచ్చి నిలబెట్టడం. కొత్తరెడ్డిపాలేనికి ఆ మెట్టే కావాలి.

తెలుగువాళ్లలో ఆ మెట్టు ఎక్కి చూపించింది దుర్గాబాయి. మద్రాసులో 1930లలో ఆమె చుట్టూ చేరిన ఆడవాళ్లకు బెనారస్ మెట్రిక్ పరీక్షకు పాఠాలు చెప్పింది. వాళ్లలో పెళ్లయి చదువు ఆగిపోయినవాళ్లు, భర్త పోయినవాళ్లు ఉన్నారు. 1937లో ఆంధ్ర మహిళా సభ అయింది. జమీందారీ కుటుంబాల స్త్రీల దగ్గర నుంచి చందాలు పట్టింది, కానీ పాఠ్యక్రమం తనది. స్వతంత్రం వచ్చాక ఆమె చేసిన పని ఇంకా పెద్దది. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలై, స్వచ్ఛంద సంఘాలకు ప్రభుత్వ గ్రాంటు చేరే దారి వేసింది. 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త కోర్సులు పెట్టించింది. చదువు మధ్యలో వదిలేసిన ముప్పై ఏళ్ల ఆడమనిషి రెండేళ్లలో పరీక్ష రాసి టీచరో, నర్సో, గ్రామసేవికో కావొచ్చు. ఆ ఏర్పాటులో హాస్టలు ఉంది, స్టైపెండు ఉంది. పిల్లల తల్లి ఇల్లు వదిలి రావాలంటే ఏం కావాలో ఆలోచించిన మనిషి చేసిన పథకమది. నా లెక్కలో తెలుగు స్త్రీ విద్యలో దీనికి సాటి వచ్చే పథకం తర్వాత రాలేదు.

ఇప్పుడు వెల్గటూర్ వైపు రావాలి. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో 2011 జనగణన నాటికి ప్రతి వెయ్యిమంది మగవాళ్లకు 1008 మంది ఆడవాళ్లున్నారు. దుబాయి, మస్కట్, సౌదీ పోయిన మగవాళ్లను తలుచుకుంటే ఊళ్లలో కనబడే తేడా ఇంకా ఎక్కువ. ఇంటి పద్దు, పొలం పద్దు, బ్యాంకు అప్పు ఆడవాళ్ల మీదే. చేతికి దొరికే పని బీడీలు. రాత్రి తునికాకు నీళ్లలో నానబెట్టి, పొద్దున రేకు అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, కొనలు ఒత్తి, పాతికకో కట్ట కట్టి సాయంత్రానికి టేకేదారుకు అప్పజెప్పాలి. బాగాలేవని తీసేసిన, అంటే ఛాటు పోయిన బీడీలకు పైసలు రావు. మహిళా సంఘం సమావేశానికి వచ్చేటప్పుడు కూడా చాట వెంటే వస్తుంది. ఒకరు పొదుపు పుస్తకం చదువుతుంటే మిగతా వాళ్ల వేళ్లు ఆగవు.

అలాంటి చోట రాత్రిబడి పెడతామని ఎవరైనా వస్తే వినబడే మొదటి మాట ఇది: ‘‘సారూ, సదువు మంచిదే. మా వెయ్యి బీడీలు ఎవలు జేస్తరు?’’ దాత దగ్గర దీనికి జవాబు లేకపోతే ఆ బడి మూడో నెల దాటదు. పుస్తకాలు, పలకలు, బల్లలు ఇవ్వడానికి చాలామంది ఉన్నారు. చదువుకు కూర్చున్న గంటకు పోయే కూలి ఇవ్వడానికి ఎవరూ లేరు. కుట్టు మిషన్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఏ సంస్థ వచ్చినా ముందు గుర్తొచ్చేది అదే. మిషన్లు వరసగా పెట్టి ఫొటో దిగుతారు. ఆర్డర్లు తెచ్చేవాళ్లు లేక అవి మూలన పడి తుప్పు పడతాయి. సిరిసిల్లలో మరమగ్గాలకు 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చినప్పుడు పని కళ్లకు కట్టింది. కండెలు చుట్టే ఆడవాళ్ల దాకా కూలి చేరింది. మిషన్ కన్నా ఆర్డరు ముఖ్యమని ఆ పట్టణానికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆర్డరు ఆగితే ఏమవుతుందో కూడా దానికే బాగా తెలుసు.

బీడీ కార్మికుల కోసం 1976లో పార్లమెంటు సంక్షేమ నిధి చట్టం చేసింది. బీడీల మీద సెస్సు వేసి ఆ డబ్బుతో దవాఖానాలు, ఇళ్లు, పిల్లలకు స్కాలర్‌షిప్పులు. ఒక రకంగా ఇది చట్టం చేసిన దాతృత్వం. చుట్టిన చేతికి గుర్తింపు కార్డు ఉంటే ఆమె పిల్లలకు చదువు ఖర్చు హక్కుగా వస్తుంది. 2017లో జీఎస్టీతో పాటు ఆ సెస్సు రద్దయింది. పథకాలు పేరుకు ఉన్నాయి, వాటికి సొంత ఆదాయం పోయింది, ఏటా బడ్జెట్ దయ. దీని మీద మన పత్రికల్లో రావలసినంత చర్చ రాలేదు. గుళ్లో అన్నదానానికి చందా ఆగితే ఊరంతా మాట్లాడుకుంటుంది.

కంపెనీల సామాజిక బాధ్యత నిధులు ఉన్నాయి కదా అంటారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లో, టర్నోవర్ 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి మొదటి ప్రాధాన్యం ఇవ్వమంటుంది చట్టం. ఇక్కడే వెల్గటూర్ చేజారిపోతుంది. పెద్ద కంపెనీ లేని చోటికి స్థానిక ప్రాధాన్యం ఎక్కడి నుంచి వస్తుంది? ఈ చట్టం కంపెనీలకే, భాగస్వామ్య సంస్థలకు వర్తించదు. బీడీ వ్యాపారంలో అలాంటివి తక్కువేమీ కావు. పైగా 2021 ఏప్రిల్ నుంచి ఈ డబ్బు అందుకునే సంస్థ కేంద్రం దగ్గర రిజిస్టరు కావాలి. ఊరి మహిళా పొదుపు సంఘాలన్నీ కలిసిన గ్రామైక్య సంఘం ఆ కాగితాలతో వేగలేదు. హైదరాబాదు సంస్థ వేగుతుంది. డబ్బు అక్కడికే పోతుంది, అక్కడి నుంచి ఒక ‘శిక్షణ శిబిరం’ ఇక్కడికి వస్తుంది.

విదేశీ విరాళం దారి ఇంకా ఇరుకైంది. 2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి చేసిన సవరణ తర్వాత ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ సొమ్మును మరో సంస్థకు ఇవ్వకూడదు. పాలనా ఖర్చుల పరిమితి 50 నుంచి 20 శాతానికి దిగింది. ఖాతా ఢిల్లీలోని ఒకే బ్యాంకు శాఖలో తెరవాలి. బడి టీచర్ల జీతాలు పాలనా ఖర్చులో రావు కాబట్టి పెద్ద బడులు బతికాయి. పట్నంలో పెద్ద సంస్థ ద్వారా పల్లెలోని చిన్న మహిళా సంఘానికి చేరే పిల్లకాలువ పూర్తిగా ఎండిపోయింది. లెక్కలు అడగడం తప్పు కాదు. అడిగే తీరు చిన్నవాళ్లను ముందు మింగింది.

విదేశీ డబ్బుతోనూ, ప్రభుత్వ డబ్బుతోనూ స్త్రీల మాట చెల్లిన సందర్భాలున్నాయి. మహిళా సమాఖ్య కార్యక్రమం 1989లో డచ్చి ప్రభుత్వ సాయంతో మొదలై 1993లో అప్పటి ఉమ్మడి రాష్ట్రానికి వచ్చింది. అందులో ముందే రాసిపెట్టిన లక్ష్యాలు లేవు. సంఘంలో కూర్చున్న ఆడవాళ్లు ఏది నేర్చుకుంటామంటే అది. ఒక చోట చేతిపంపు బాగుచేయడం, ఒక చోట బాల్య వివాహాలు ఆపడం, ఒక చోట అక్షరాలు. 2010ల మధ్యలో కేంద్రం నిధులు ఆపేసింది. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతులు 2008లో మాచునూరులో సంఘం రేడియో మొదలుపెట్టారు. మైకు వాళ్లదే, మాట వాళ్లదే. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతికి వచ్చిన ఆడవాళ్లు వర్ధినేని రోశమ్మ ముందు నడవగా సారా దుకాణం మూయించారు. నిధులిచ్చిన ప్రభుత్వం అంత దూరం ఊహించలేదు. చదువు మొదలుపెట్టాక ఎక్కడ ఆగాలో దాత చెప్పలేడు, చెప్పకూడదు.

అయితే మన మహిళా సంఘాల మీద నాకు మొహమాటం లేని ఫిర్యాదు ఒకటుంది. పొదుపు, బ్యాంకు లింకేజీ, గ్రామైక్య సంఘం, మండల సమాఖ్య అంటూ రెండు దశాబ్దాల్లో ఇంత పెద్ద నిర్మాణం లేచింది. ఆడవాళ్లే పద్దు రాస్తారు, ఆడవాళ్లే సంతకం పెడతారు. హదస్సా పోట్లాడి తెచ్చుకున్న హక్కు వెల్గటూర్ సంఘానికి పుట్టుకతోనే ఉంది. ఆ హక్కుతో చేస్తున్నది అప్పు వసూలు. సమావేశంలో కిస్తీ లెక్క అయిపోయాక లేచి పోతున్నారు. చదువు, ఆరోగ్యం, వలస, గల్ఫులో చిక్కుకున్న మనిషి కాగితాలు, ఇవి చర్చకు వచ్చే సమయం మిగలడం లేదు. లెక్క రాసే చెయ్యి ఉంది. దానికి చదువు కోసం పెట్టే నిధి లేదు.

ఆ నిధి ఇవ్వగలిగినవాళ్లు ఈ ప్రాంతపు మనుషులే. ఈ చట్టాల చిక్కుల మధ్య ఒక సందు ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పడం లేదు. విదేశంలో ఉన్నా భారత పౌరుడిగానే ఉన్న మనిషి తన సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు దారిలో పంపే డబ్బును విదేశీ విరాళంగా లెక్కపెట్టరు. అమెరికా పౌరసత్వం తీసుకున్న డాక్టరు ఇస్తే అది విదేశీ విరాళం. దుబాయిలో మన పాస్‌పోర్టుతో పనిచేస్తున్న జగిత్యాల తాపీమేస్త్రి ఇస్తే కాదు. చట్టం దృష్టిలో వెల్గటూర్‌కు అడ్డంకి లేకుండా ఇవ్వగల దాత ఆ మేస్త్రీయే.

కాబట్టి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల నుంచి పోయి గల్ఫులో సంఘాలుగా కూడిన అన్నలకు, తమ్ములకు ఒక విన్నపం. ఈసారి ఊరికి ఏదైనా చేయాలనుకుంటే ముఖద్వారం వద్దు, కుట్టు మిషన్లు వద్దు. మీ ఊరి గ్రామైక్య సంఘాన్ని అడిగి, వాళ్లు ఒప్పుకున్న వేళలో, ఒక చదువు చెప్పే ఆడమనిషికి ఐదేళ్ల జీతం, చదువుకు కూర్చున్నవాళ్లకు పోయిన గంటల బీడీ కూలి మీ మీ సొంత ఖాతాల నుంచి ఆ గ్రామైక్య సంఘం ఖాతాలోనే వేయండి. లెక్క వాళ్లు రాస్తారు. ఏడాదికోసారి ఆ లెక్క మీరూ అడిగి చూడండి.